ఖాళీ పలక ఎందుకు పలికింది?

పేరు, ఊరు, సంస్థ ఏవీ బయటపెట్టొద్దని కోరుతూ ఒక పరిశోధక విద్యార్థిని ఆరు పేజీల ఉత్తరం రాశారు. మిరప వేసుకుని బతికే కుటుంబం వాళ్లది. ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి ఆమే. జేఆర్‌ఎఫ్ తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరి మూడేళ్ల పది నెలలైంది. డీఎన్‌ఏను మడిచి పలకలాగా చేసి, దాని మీద సీపీజీ అనే చిన్న డీఎన్‌ఏ ముక్కలను కొలిచిన దూరాల్లో నిలబెట్టి, ఏ దూరంలో ఉంటే రోగనిరోధక కణాలు బాగా మేలుకుంటాయో చూడటం ఆమె పని. రెండేళ్లుగా ఫలితాలు చక్కగా వచ్చాయి. పేపర్ రాశారు. మొదటి పేరు ఆమెదే. ప్రస్తుతం అది ఒక జర్నల్‌లో రివ్యూలో ఉంది.

రెండు నెలల కిందట కొత్తగా చేరిన జూనియర్ ఒకతను, పని నేర్చుకుంటూ, సీపీజీ లేని ఖాళీ పలకను కణాల మీద వేశాడు. కణాలు దానికీ దాదాపు అంతే రెచ్చిపోయాయి. అనుమానం వచ్చి ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా పైపొర నుంచి వచ్చే మురికి) పరీక్ష చేస్తే మిల్లీలీటరుకు వందల యూనిట్లు కనిపించాయి. మొదటి ఏడాది ఈమె ఖాళీ పలకను పరీక్షించారు, అప్పుడేమీ రాలేదు. అది కొన్న స్కాఫోల్డ్‌తో, అంటే పలకగా మడిచే పొడవైన డీఎన్‌ఏ పోగుతో, చేసిన పలక. ఆ తర్వాత ఖర్చు తగ్గుతుందని స్కాఫోల్డ్‌ను ల్యాబ్‌లోనే పెంచుకోవడం మొదలుపెట్టారు. పోలిక కోసం వేసే ఆ ఖాళీ పలక పరీక్షను (కంట్రోల్) మళ్లీ చేయలేదు.

గైడ్‌కు చెబితే, "సీపీజీ ఉన్నదానికి ఎంతో కొంత ఎక్కువే వస్తోంది కదా, రివ్యూయర్లు అడిగినప్పుడు చూద్దాం" అన్నారట. ఆయన ప్రాజెక్టు మార్చిలో రెన్యువల్‌కు వెళ్లాలి. రెండో రచయిత అయిన పోస్ట్‌డాక్ ఇదే గ్రాఫు పట్టుకుని ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తిరుగుతున్నారు. ఈమె ఫెలోషిప్ ఇంకా పద్నాలుగు నెలలే. అందులోంచి తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజుకు నెలనెలా పదిహేను వేలు పంపుతున్నారు. ఇంటి దగ్గర ఒక సంబంధం నానుతోంది, "ఇంకెన్నాళ్లమ్మా" అని నాన్న ప్రతి వారం అడుగుతున్నారు. ఈ మధ్యలో జీనోమ్ వ్యాలీలోని ఒక టీకాల కంపెనీ క్వాలిటీ విభాగంలో ఉద్యోగం ఇస్తామంది, రెండు నెలల్లో చేరాలంది.

ఆమె అడిగినవి మూడు. పేపర్ గురించి నోరు విప్పాలా, ఊరుకోవాలా? ఉద్యోగంలో చేరిపోనా? ఈ నాలుగేళ్లూ పోయినట్టేనా? ఆఖర్న ఒక మాట రాశారు: "ఆ అబ్బాయి ఆ ప్రయోగం చేయకపోయి ఉంటే బాగుండేది అనిపిస్తోంది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేస్తోంది."

అమ్మా,

మీ మూడో ప్రశ్న ముందు తీసుకుంటాను. నాలుగేళ్లు పోయాయో లేదో మీకు ఇంకా తెలియదు. మీ గైడ్‌కూ తెలియదు. మీరు రాత్రుళ్లు పైకప్పు చూస్తూ పడుకుంటున్నది జరిగిపోయిన నష్టం గురించి కాదు, ఇంకా కొలవని ఒక అంకె గురించి. అది కొలిచేదాకా మిగతా రెండు ప్రశ్నలకూ సరైన జవాబు దొరకదు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఈ పని తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. డీఎన్‌ఏను వంశపారంపర్య సమాచారంగా కాక, కట్టడానికి పనికొచ్చే సరుకుగా చూడొచ్చని 1982లో నేడ్రియన్ సీమన్ రాశారు. 2006లో కాల్‌టెక్‌లో పాల్ రోథెమండ్ ఒక వైరస్ తాలూకు 7,249 అక్షరాల పొడవైన డీఎన్‌ఏ పోగును తీసుకుని, స్టేపుల్ పిన్నుల్లాంటి రెండు వందలకు పైగా చిన్న ముక్కలతో దాన్ని కోరిన ఆకారంలోకి మడిచి చూపించారు. దీన్నే డీఎన్‌ఏ ఒరిగామి అంటున్నారు. సుమారు వంద నానోమీటర్ల ఆ పలక మీద ఏ పిన్ను ఎక్కడుంటుందో ముందే తెలుసు కాబట్టి, దేన్నైనా కొన్ని నానోమీటర్ల కచ్చితత్వంతో నిలబెట్టొచ్చు. రోగనిరోధక కణాలకు ఇలాంటి దూరాలు పట్టింపే. ఎంఐటీలో బేత్, ఇర్విన్ బృందాలు 2020లో హెచ్‌ఐవీ యాంటిజెన్‌లతోనూ (రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే వైరస్ భాగాలతోనూ), హార్వర్డ్‌లో విలియం షీ బృందం 2024లో సీపీజీలతోనూ దీన్ని చూపించాయి. షీ వాళ్ల పనిలో సీపీజీల మధ్య 3.5 నానోమీటర్ల ఎడం ఉన్నప్పుడు క్యాన్సర్ టీకాకు కావలసిన తరహా స్పందన మెరుగ్గా వచ్చింది.

సీపీజీ మనకు మరీ పరాయిదేం కాదు. హైదరాబాద్ బయలాజికల్ ఇ తయారుచేసిన కార్బెవాక్స్‌లో ఉన్న సహాయక పదార్థాల్లో ఒకటి సీపీజీ 1018. 2022 మార్చి నుంచి మన పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వేసిన టీకా అది. బ్యాక్టీరియా డీఎన్‌ఏను గుర్తుపట్టడానికి కణం లోపలి తిత్తుల్లో కాపలా ఉండే టీఎల్‌ఆర్9 అనే గ్రాహకాన్ని ఈ ముక్కలు తడతాయి. 2000లో షిజువో అకిరా బృందం కనిపెట్టిన తలుపు అది.

చిక్కల్లా పక్క తలుపుతో వచ్చింది. ఆ పొడవైన పోగు ఎం13 అనే ఫేజ్‌ది, అంటే బ్యాక్టీరియాకు సోకే వైరస్‌ది. దాన్ని పెంచేది ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో. ఈ.కోలై పైపొరలోని ఎల్‌పీఎస్, అంటే ఎండోటాక్సిన్, మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము ఉన్నా మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు లేచి కూర్చుంటాయి. అది తట్టే తలుపు టీఎల్‌ఆర్4. రెండు తలుపుల్లో ఏది తట్టినా లోపలి నుంచి వచ్చే కేక ఒకేలా ఉంటుంది: ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ అనే సంకేత ప్రోటీన్లు. వాటిని కొలిచే మీ ఎలైజా ప్లేటు ఆ కేక ఎంత గట్టిగా ఉందో చెబుతుంది కానీ తలుపు తట్టింది ఎవరో చెప్పదు.

మీ ఉత్తరం నాలుగో పేజీలో ఒక వాక్యం మీరు అలవోకగా రాసి వదిలేశారు. నేను అక్కడ ఆగిపోయాను. "ఒక్కో దూరానికి ఒక్కో డిజైన్ కాబట్టి ఒక్కోటి ఒక్కో నెలలో, అప్పుడు చేతిలో ఉన్న స్కాఫోల్డ్‌తో చేశాను" అన్నారు. అలాగైతే మీ గ్రాఫులో అడుగున "దూరం" అని రాసి ఉన్నచోట నిజానికి ఉన్నది "బ్యాచ్" కావచ్చు. ఏడు నానోమీటర్ల ఎడం ఉన్న పలక గెలిచింది దాని ఎడం వల్లా, ఆ నెల స్కాఫోల్డ్ మురికిగా ఉండటం వల్లా? మీ గైడ్ అన్న "ఎంతో కొంత ఎక్కువే" అన్న మాట కూడా ఇక్కడే జారిపోతుంది. ఆయన అబద్ధమాడుతున్నారని నేననను. ఆయన చూస్తున్నది సగటు, మీరు చూడాల్సింది బ్యాచ్ నంబరు.

ఇలా మోసపోయిన మొదటి మనిషి మీరు కాదు. హెచ్‌ఎస్‌పీ70 అనే ప్రోటీన్ రోగనిరోధక కణాలను నేరుగా రెచ్చగొడుతుందని ఒకప్పుడు పేపర్ల మీద పేపర్లు వచ్చాయి. ఆ ప్రోటీన్‌నూ ఈ.కోలైలోనే తయారుచేసేవారు. 2003లో ఒక బృందం బాగా శుభ్రం చేసి చూస్తే, ఎలుక మాక్రోఫేజ్‌లలో టీఎన్‌ఎఫ్ పుట్టించింది ఎండోటాక్సినేనని తేలింది. శుభ్రం చేసి చూసినవాళ్ల పేపర్‌ను ఈరోజుకీ ఉదహరిస్తున్నారు. నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో ఒక ఏడాది కంట్రోల్ కణాలు కూడా వాటంతట అవే రెచ్చిపోయేవి. ఎనిమిది నెలలు వెతికితే, డిస్టిల్డ్ వాటర్ పట్టిపెట్టుకునే క్యాను అడుగున జిగురు పేరుకుని ఉంది. ఆ ఎనిమిది నెలలూ నేను నా చేతుల్నే అనుమానించాను.

ఇక చేయగలిగినవి చూద్దాం. మొత్తం కలిపి ఆరు వారాల పని.

డీఎన్‌ఏను కోసే ఎంజైమ్ డీఎన్‌ఏజ్ వేసి పలకను ముక్కలు చేయండి. ఆ తర్వాత కూడా కణాలు అంతే రెచ్చిపోతే అది డీఎన్‌ఏ పని కాదు. ఒక జాగ్రత్త: మీ సీపీజీలు ఫాస్ఫోరోథయోయేట్ (రసాయనికంగా గట్టిపరిచిన) రకమైతే డీఎన్‌ఏజ్‌కు సరిగా లొంగవు, అందుకే ఈ పరీక్ష ఖాళీ పలకతోనూ చేయాలి. ఎల్‌పీఎస్‌ను పట్టుకునే పాలిమిక్సిన్ బి వేసి ఇంకో వరుస పెట్టండి. మురికి మరీ ఎక్కువగా ఉంటే అది పూర్తిగా అణచలేదు, ఆ సంగతి గుర్తుంచుకునే ఫలితం చదవండి. అన్నిటికన్నా తేటగా చెప్పేది టీఎల్‌ఆర్4 పనిచేయని కణాలు. 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం టీఎల్‌ఆర్4ను పట్టుకున్నది పుట్టుకతోనే ఎల్‌పీఎస్‌కు స్పందించని సీ3హెచ్/హెచ్‌ఈజే ఎలుకల ద్వారానే. ఆ పనికి ఆయనకు 2011లో నోబెల్ వచ్చింది. ఆ ఎలుకల కణాలు మీ నగరంలో ఏ ల్యాబ్‌లో ఉన్నా ఒక్క ప్లేటుకు సరిపడా అడిగి తెచ్చుకోండి. ఎల్‌పీఎస్, సీపీజీ రెండిట్లో సీపీజీకి మాత్రమే జవాబిచ్చే కణాలవి. ఎండోటాక్సిన్ కొలిచేటప్పుడు మీ బఫర్‌లోని ఈడీటీఏ, మెగ్నీషియం పరీక్షను అటూ ఇటూ లాగొచ్చు. తెలిసిన మోతాదు ఎల్‌పీఎస్ కలిపి అది పూర్తిగా తిరిగి కనిపిస్తోందో లేదో చూడకుండా ఏ అంకెనూ నమ్మకండి, జూనియర్ తీసిన అంకెను కూడా.

దీనికి సమాంతరంగా, స్కాఫోల్డ్‌ను మడవకముందే ట్రైటాన్ ఎక్స్-114 అనే డిటర్జెంట్‌తో రెండు మూడు సార్లు కడిగి, మీ దూరాల్లో కనీసం మూడింటిని ఒకే స్కాఫోల్డ్‌తో, ఒకే వారంలో తయారుచేయండి.

అప్పుడు ఏం రావొచ్చు? దూరాల తేడా నిలబడితే, అంకెలు చిన్నవైనా సరే, మీ పేపర్ ఇప్పటికన్నా గట్టిదవుతుంది. తేడా మొత్తం మాయమై, శుభ్రమైన ఖాళీ పలకకు కణాలు ఉలకకపోతే మీకు ఏడుపొస్తుంది, నాకు తెలుసు. కానీ అది కూడా ఫలితమే. యాంటిజెన్‌ను మోసుకెళ్లే పలక తాను నోరు మెదపకుండా ఉండటం ఈ రంగంలో చాలామంది కోరుకునే గుణం. ఎంఐటీ వాళ్లు 2024లో కోవిడ్ యాంటిజెన్‌తో చూపించిన మేలు కూడా ఆ కోవదే: మోసుకెళ్లిన డీఎన్‌ఏ మీద యాంటీబాడీలు పుట్టలేదు, ధ్యాసంతా యాంటిజెన్ మీదే నిలిచింది. ఎండోటాక్సిన్ ఏ దశలో ఎంత చేరుతుందో, ఎంత తీసేస్తే కణాలు నిశ్శబ్దమవుతాయో కొలిచిన అధ్యాయం ఒక థీసిస్‌లో గౌరవంగా కూర్చుంటుంది. రెండు తలుపులూ కలిసి తడితే వచ్చే స్పందన అని తేలితే మాత్రం చిక్కే. దాన్ని విడదీయడానికి పద్నాలుగు నెలలు చాలకపోవచ్చు. అలాంటప్పుడు దాన్ని వదిలేసి మొదటి రెండిట్లో చేతికందినంతతో థీసిస్ కట్టడం మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు పేపర్. దీని గురించి కొంచెం కఠినంగా మాట్లాడతాను. పంపిన రోజున మీకు తెలియదు, అది పొరపాటు. ఇప్పుడు తెలుసు. రివ్యూయర్లు అడగకపోతే అలాగే అచ్చు కానివ్వడం పొరపాటు కాదు, దాని పేరు వేరు. ఊరుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మార్చి గడుస్తుంది, రెన్యువల్ వస్తుంది, పోస్ట్‌డాక్‌కు ఉద్యోగం రావొచ్చు. ఆ తర్వాత ఎక్కడో ఇంకో విద్యార్థిని మీ దూరాలను నమ్మి ఏడాది తిప్పలు పడుతుంది. జూనియర్ నోట్‌బుక్‌లో తేదీతో సహా ఆ ప్రయోగం ఉంటుంది. రేపెవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పాల్సిన మొదటి పేరు మీది.

అచ్చు కాకముందు వెనక్కి తీసుకుంటే మచ్చ ఏమీ ఉండదు. "ఒక కంట్రోల్ మళ్లీ చేయాల్సి వచ్చింది" అని ఎడిటర్‌కు నాలుగు వాక్యాలు రాస్తే చాలు. లేదా రివ్యూ వచ్చాక గడువు పెంచమని అడిగి, కొత్త ప్రయోగాలతో సరిచేసి పంపొచ్చు. మీ గైడ్‌కు మింగుడుపడేది బహుశా ఈ రెండో దారే. పరీక్ష ఫలితాలు రాకుండా ఆయన దగ్గరకు మళ్లీ వెళ్లకండి. వెళ్లినప్పుడు "మన పేపర్ తప్పు" అని మొదలుపెట్టకండి. "సార్, శుభ్రం చేసిన స్కాఫోల్డ్‌తో కంట్రోల్ వేశాను, ఇదీ ఫలితం, పేపర్‌ను ఇలా మార్చాలనుకుంటున్నాను" అని కాగితం ముందు పెట్టండి. ఆయన భయం ప్రాజెక్టు గురించి. రెన్యువల్ రిపోర్టులో "ఎండోటాక్సిన్ లేని ఒరిగామి తయారీ" అన్న వాక్యం ఆయనకు పనికొచ్చేదే, ఆ సంగతి ఆయనకు కనిపించేలా చెప్పండి. మాట్లాడి వచ్చాక, ఏం అనుకున్నారో మర్యాదగా ఒక మెయిల్ రాసి ఉంచుకోండి.

అయినా ఆయన ఒప్పుకోకపోతే? డాక్టరల్ కమిటీలో మీకు నమ్మకమున్న ఒకరికి ఇదే డేటా చూపించి సలహా అడగడం ఒక మెట్టు. ఫిర్యాదుగా కాదు, సలహాగా. మార్చిన రూపానికి తప్ప మీ సమ్మతి లేదని రాతపూర్వకంగా చెప్పడం ఇంకో మెట్టు. రచయితల్లో ఒకరు కాదంటే సాధారణంగా జర్నల్ ముందుకు వెళ్లదు. దీనికి ధర ఉంటుంది. మాటలు తగ్గుతాయి, సంతకాలు ఆలస్యమవుతాయి, రేపటి సిఫారసు లేఖ చల్లగా ఉంటుంది. ఆ ధర ఎంతవరకు భరించగలరో మీరే తూచుకోవాలి, దూరంగా కూర్చుని నేను తూచలేను. నాలుగో ఏడాదిలో గైడ్‌ను మార్చుకోవడం మాత్రం, వేరే దారే లేనప్పుడు తప్ప, వద్దనే అంటాను.

పోస్ట్‌డాక్‌కు పరీక్ష ఫలితం వచ్చిన రోజే చెప్పేయండి. ఇంటర్వ్యూలో ఆ గ్రాఫు చూపిస్తున్నది ఆయన.

ఉద్యోగం సంగతి. దాన్ని పారిపోవడానికి దొరికిన కిటికీలా రాశారు మీరు. నాకలా కనిపించలేదు. టీకాల కంపెనీలో ప్రతి బ్యాచ్‌కూ ఎండోటాక్సిన్ పరీక్ష ఉంటుంది. ఈ రెండు నెలల్లో మీరు నేర్చుకున్నదాని విలువ తెలిసిన చోటు అది. చేరితే తమ్ముడి ఫీజుకు దిగులుండదు. పీహెచ్‌డీ మాత్రం, ఒకసారి ల్యాబ్ వదిలాక, నూటికి నూరుపాళ్లు మీ మొండితనం మీదే ఆధారపడుతుంది. సాయంత్రం ఏడింటికి ఇంటికొచ్చి థీసిస్ రాయలేక ఆగిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఉండిపోతే, ఫెలోషిప్ ఆగాక కొన్ని నెలలు జీతం లేకుండా గడపాల్సి రావొచ్చు. ఈ రెండిటి మధ్య ఇంకొకటుంది: చేరే తేదీ మూడు నెలలు జరపగలరా అని కంపెనీని అడగడం. కాదంటే పోయేదేమీ లేదు. ప్రీ-సబ్మిషన్ సెమినార్ అయ్యాక ఉద్యోగం చేసుకుంటూ థీసిస్ సమర్పించే వీలు కొన్ని సంస్థలు ఇస్తాయి, మీ సంస్థ ఆర్డినెన్స్ (పీహెచ్‌డీ నియమావళి) తెప్పించుకుని చదవండి. ఇంకో మాట, పేపర్ లేకపోతే డిగ్రీ రాదని మీరు గట్టిగా నమ్ముతున్నారు. యూజీసీ 2022 నిబంధనల్లో ఆ తప్పనిసరి తీసేశారు. గడువు కూడా ఆరేళ్లు. సంస్థలు సొంతంగా షరతు పెట్టుకోవచ్చు కాబట్టి అదీ అక్కడే చూడండి. పేపర్ పోతే అన్నీ పోతాయన్న భయం కొంచెం తగ్గినా, గైడ్ ఎదుట మీ గొంతు మారుతుంది.

ఇంట్లోవాళ్లకు సీపీజీ గురించీ ఎండోటాక్సిన్ గురించీ వివరించబోయి, ప్రతిసారీ ఏడ్చి ఫోన్ పెట్టేస్తున్నానని రాశారు. నాన్నగారు అడుగుతున్నది వివరం కాదమ్మా, తేదీ. మిరప రైతుకు పంట ఒక ఏడు తేలిపోవడం కొత్త కాదు. "విత్తనంలో కల్తీ బయటపడింది, ఏ సంచిలో ఉందో చూస్తున్నాను, ఆరు వారాల్లో తేలుతుంది, అప్పుడు ఎన్నాళ్లో చెబుతాను" అనండి. మీ ల్యాబ్‌లో చాలామందికన్నా ఆయనకే ఇది ముందు అర్థమవుతుంది. సంబంధం వాళ్లకూ ఆ ఆరు వారాల తర్వాతే జవాబు చెప్పమనండి. ఆగలేనివాళ్లయితే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది.

నిద్ర పట్టడం లేదు, పైపెట్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది అన్నారు. రెండు నెలలుగా ఇలా ఉంటే దాన్ని బిడియపడి దాచుకోకండి. మీ క్యాంపస్‌లో కౌన్సిలర్ ఉంటే వెళ్లండి, లేకపోతే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రయోగం చేసే రోజు రాత్రి నిద్ర లేకపోతే ఆ రోజు ప్లేటు వేయకండి.

ఆ జూనియర్ గురించి. అతను ఆ ప్రయోగం చేయకపోయి ఉంటే బాగుండేదని అనిపించడం దుర్మార్గం కాదు. దెబ్బ తగిలిన చోట చెయ్యి పెట్టినవాళ్ల మీద ముందు కోపమే వస్తుంది. కానీ ఉత్తరమంతా వెతికాను, ఈ రెండు నెలల్లో మీరు అతనితో మాట్లాడినట్టు ఒక్క వాక్యం లేదు. అతను చేరి ఆరు నెలలు కాలేదు. తాను చేసింది తప్పో ఒప్పో తెలియక, సీనియర్ ముఖం చాటేస్తుంటే, ఇకపై ఖాళీ పలక వేయడమే మానేస్తాడు. ఈ ఆరు వారాల పని అతనితో కలిసి చేయండి. సరిచేసిన పేపర్‌లో అతని పేరు ఉండాలని గైడ్‌ను మీరే అడగండి.

ఇవన్నీ మొదలుపెట్టకముందు, ఎవరి అనుమతీ అక్కర్లేని పని ఒకటుంది. రెండేళ్ల బ్యాచ్‌లన్నిట్లోంచి కొద్దికొద్దిగా తీసి మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో దాచానని రాశారు, అది చూడటానికే మనసొప్పడం లేదన్నారు. ఆ డబ్బాను పారేయొద్దు. సోమవారం దాన్ని బయటికి తీసి, ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ట్యూబుల మీద తేదీలు ఒక్కొక్కటీ చదివించండి. ఒక్కో బ్యాచ్‌లో ఎండోటాక్సిన్ ఎంతుందో కొలిచి, అదే బ్యాచ్‌కు మీరు ఏనాడో తీసిపెట్టిన ఐఎల్-6 అంకె ఎదుట పెట్టి గీత గీయండి. గీత ఎండోటాక్సిన్‌తో పాటు పైకెక్కుతుందో, దానితో సంబంధం లేకుండా చెదిరిపోతుందో ఆ సాయంత్రానికే కనిపిస్తుంది. ఎలా ఉన్నా నాకు రాయండి.